తడి తగలని చెయ్యి



ఎండలు మండుతున్నాయి. రైతుబజార్లో మామిడికాయలు గుట్టలు పోసి ఉన్నాయి. కారం మర ముందు నుంచి వెళితే చాలు, తుమ్ములే తుమ్ములు. పెరట్లో చెట్టున్నవాళ్ళు కాయ ముదిరిందా లేదా అని తలెత్తి చూస్తున్నారు. చెట్టు లేనివాళ్ళు చెట్టున్నవాళ్ళతో ఈ నెల రోజులూ కాస్త స్నేహంగా ఉంటున్నారు. అంటే నిలవ పచ్చళ్ళ రోజులు వచ్చేశాయన్నమాట. చెట్టు మీంచి అప్పుడే దిగిన కాయని, పండుని ఇంట్లో ఏడాది పొడుగునా ఎలా దాచుకుంటాం, ఎందుకు ఒక్కోసారి దాగకుండా పాడైపోతుంది, ఈ పూట ఆ కబుర్లు చెప్పుకుందాం.

కాగితం, పెన్ను వెతుక్కోకండి. నేను కొలతలు పెద్దగా చెప్పను. మీ ఇంటి కొలత మీ అత్తగారి దగ్గరో, అమ్మ దగ్గరో ఉండే ఉంటుంది, దాన్నే పాటించండి. నేను చెప్పేది ఒకే ఒక్క సంగతి. దాన్నే మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి. ఆ సంగతి తడి.

మామిడికాయ చేతిలోకి తీసుకుంటే రాయిలా గట్టిగా ఉంటుంది కదా. అందులో నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళే. బూజుకైనా, కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవికైనా బతకడానికి కావలసింది ఆ నీళ్ళే. ఆ నీళ్ళు వాటికి దక్కకుండా చెయ్యడమే నిలవ చెయ్యడమంటే. ఆవకాయ అనండి, మాగాయ అనండి, తాండ్ర అనండి, జామ్ అనండి, పేర్లు వేరు, పని ఒకటే.

ఈ తడి రెండు రకాలు. ఒకటి పైతడి. కాయ కడిగిన నీళ్ళు, చేతి చెమట, గరిటె మీద మిగిలిన చుక్క, ఇవన్నీ పైతడి. రెండోది లోతడి. కాయలోనే పుట్టిన నీరు. పైతడి అసలు రాకూడదు. లోతడిని బయటికి లాగెయ్యాలి, లేదా కట్టిపడెయ్యాలి. పైతడి, లోతడి. ఈ రెండూ గుర్తుంటే ఇవాళ్టి ప్రసంగం సగం విన్నట్టే.

సరే, చెట్టు దగ్గరికి వెళదాం.

కాయ ఎలా కోస్తున్నారు? కర్రతో కొట్టి రాలగొడుతున్నారా? అయితే ఆ కాయలు జాడీకి పనికిరావు. కింద పడ్డ కాయకి పైన దెబ్బ కనిపించకపోవచ్చు. లోపల కండ కమిలిపోతుంది. కమిలిన చోట ముక్క మెత్తబడుతుంది. ఆ మెత్తదనం ఒక వారం పోయాక జాడీలో బయటపడుతుంది. అందుకే మనవాళ్ళు పొడుగాటి వెదురు గడకి చిక్కం కట్టి కోస్తారు. కాయ చిక్కంలోకి దిగాక ఒక్క గుంజు గుంజి, మెల్లిగా కిందికి దించుతారు. కింద ఒకరు గోనెపట్టా పట్టుకుని నిలబడితే ఇంకా మంచిది.

కాయతో పాటు కాస్త తొడిమ ఉండేలా కొయ్యాలి. తొడిమ విరగ్గానే ముచ్చిక దగ్గర సొన చిమ్ముతుంది చూశారా, అది చాలా ఘాటు పదార్థం. చర్మం మీద పడితే మంట పుట్టి మచ్చ పడుతుంది. కాయ మీద కారితే అక్కడ నల్లగా కాలినట్టవుతుంది. అందుకని తొడిమతో కోసి, తర్వాత తొడిమ విరిచి, కాయని తలకిందులుగా పెట్టి సొన కారిపోనివ్వాలి. ఆ తర్వాత కాసేపు నీళ్ళలో వేసి కడిగెయ్యాలి.

ఆవకాయకి కావలసిన కాయ ఏది? టెంక కట్టి ఉండాలి. కండ గట్టిగా, తెల్లగా ఉండాలి. నోట్లో పెట్టుకుంటే కళ్ళు మూసుకుపోయేంత పులుపుండాలి. కొత్తపల్లి కొబ్బరి అంటారు కొందరు, చిన్నరసం కాయే కావాలంటారు మరికొందరు, జలాలు కాయ దొరికితే వదలొద్దంటారు ఇంకొందరు. కృష్ణా జిల్లాలో ఈ వాదన మొదలైతే భోజనాల వేళ దాటిపోతుంది. నేను అందులో తలదూర్చను. పులుపు మాత్రం తగ్గకూడదు. పులుపు రుచి కోసమే అనుకుంటాం. కాదు, అది కాపలాదారు కూడా. ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే కొన్ని సూక్ష్మజీవులు గట్టి పులుపులో పెరగలేవు. కాయ లోపల పసుపు రంగు తిరిగి, తీపి మొదలైందంటే పులుపు తగ్గిందన్నమాట. కాపలా సడలిందన్నమాట. ఆ కాయ పప్పులోకి వెయ్యండి, పులిహోర కలపండి. జాడీలోకి మాత్రం వద్దు.

ఇక్కడ గాలివాన కాయల సంగతి కూడా చెప్పాలి. వేసవి మధ్యలో ఒక సాయంత్రం ఈదురుగాలి వస్తుంది. తెల్లారేసరికి తోటంతా కాయే. రైతు గుండె చెరువైపోతుంది. ఆ మర్నాడు బజార్లో కాయ కారుచౌక. మనకి చెయ్యి ఆగదు. కొనండి, తప్పులేదు, రైతుకి నాలుగు డబ్బులు వస్తాయి. కానీ అవి రాలిన కాయలు, దెబ్బ తిన్న కాయలు, పైగా వానలో తడిసిన కాయలు. వాటితో ఆవకాయ పెట్టకండి. దెబ్బ తగిలిన మేరకు కోసి పారేసి, మిగిలింది పలచగా తరిగి, ఉప్పు రాసి, ఎండబెట్టి ఒరుగులు చేసుకోండి. వానాకాలంలో పప్పులో వేసుకుంటే చింతపండుతో పని ఉండదు.

కాయ వచ్చింది. కడిగాం. ఇప్పుడు తుడవాలి. ఇక్కడ తొందరపడేవాళ్ళే ఎక్కువ. పొడిబట్టతో ఒక్కొక్క కాయనీ తుడిచి, నీడపట్టున బట్ట మీద ఆరనివ్వాలి. ముచ్చిక దగ్గర గుంట ఉంటుంది, అందులో నీటి చుక్క దాక్కుంటుంది. కాయ మొత్తం తుడిచి ఆ గుంట మరిచిపోతాం. వేలికి బట్ట చుట్టి అక్కడ ఒక తిప్పు తిప్పండి.

బజార్లో ముక్కలు కొట్టించేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పెద్ద కత్తిపీట ముందు కూర్చుని టకటకా కొట్టేస్తూ ఉంటాడాయన. ఎంత నేర్పు! ఒక్క వేటుకి టెంకతో సహా రెండు చెక్కలు. కానీ ఆ కత్తి మీద ఇంతకుముందు కొట్టిన కాయల రసం ఉంటుంది, మధ్య మధ్య నీళ్ళు చల్లి కడుగుతాడు. అందుకని ఇంటి నుంచి రెండు పొడిబట్టలు పట్టుకెళ్ళండి. ఒకటి ఆయన చేతికివ్వండి, కత్తి తుడవమనండి. నవ్వుతాడు, అయినా తుడుస్తాడు. రెండోది సంచిలో పరిచి ముక్కలు అందులో వేయించుకోండి. ప్లాస్టిక్ కవర్లో మూతికట్టి ఇంటికి తెస్తే, ఆ ఎండకి ముక్కలకి చెమట పట్టేస్తుంది. మళ్ళీ తడి.

ఇంటికొచ్చాక ముక్కలు చూసుకుందాం. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి. టెంక ఊడిపోయిన ముక్క కొన్నాళ్ళకి మెత్తబడి పచ్చడిలో కలిసిపోతుంది. లోపలి జీడి తీసెయ్యాలి. జీడి తీశాక టెంక లోపలి వైపు పలచటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది, ఉల్లిపొర కన్నా పలచన. గోటితో గానీ చెంచా అంచుతో గానీ గీకితే వచ్చేస్తుంది. ఆ పొర కింద ఎప్పుడూ కాస్త చెమ్మ ఉంటుంది. పొర తీసి, ముక్క లోపలా బయటా పొడిబట్టతో అద్దాలి. వంద కాయలకి ఎన్ని ముక్కలో మీకు తెలుసు. ఒక్కరు చేసే పని కాదది. అందుకే ఆవకాయ రోజున ఇంట్లో మగవాళ్ళకి, పిల్లలకి ఈ పని అప్పగించాలి. పేపరు చదువుతూ కూర్చున్నవాళ్ళకి ముఖ్యంగా అప్పగించాలి.

ఇప్పుడు కలపడం. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి. ఉప్పు ముప్పావు గిన్నె అని కొందరు, నిండు గిన్నె అని కొందరు. మీ ఇంటి లెక్క మీది. ఉప్పు దగ్గర ఒక్క మెలిక ఉంది. అమ్మమ్మ చెప్పిన కొలత కల్లుప్పుది. ఎండబెట్టి దంచిన ఉప్పు గరుగ్గా ఉంటుంది, గిన్నెలో సందులుంటాయి. ఇప్పుడు మనం కొనే ప్యాకెట్ ఉప్పు మెత్తటి పొడి. అదే గిన్నెలో ఎక్కువ బరువు పడుతుంది. పాత కొలత, కొత్త ఉప్పు అయితే ఉప్పు కషాయమే. అందుకని ఉప్పుని తూకం వేసుకోవడం మంచిది.

ఉప్పు, ఆవపిండి, నూనె, ఈ మూడూ ముక్కని ఏం చేస్తాయి?

ఉప్పు ముక్కలోని లోతడిని బయటికి లాగుతుంది. మర్నాటికి జాడీలో ఊట కనిపిస్తుంది చూడండి, అదంతా కాయలోంచి ఉప్పు లాగిన నీరే. మరి ఆ నీరు బయట ఉంటే ప్రమాదం కాదా? కాదు. ఆ నీటిలో అంత ఉప్పు కరిగిపోయి ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవి దాన్ని తాగలేదు. సముద్రం మధ్యలో పడవలో ఉన్న మనిషికి చుట్టూ నీళ్ళున్నా దాహం తీరనట్టు. నీరుంది, కానీ దానికి అందదు. ఇదే నేను చెప్పిన కట్టిపడెయ్యడం.

ఆవపిండిది మరో పని. పొడిగా ఉన్న ఆవపిండి వాసన చూడండి, పెద్ద ఘాటేమీ ఉండదు. దానికి చెమ్మ తగిలినప్పుడే ముక్కు పుటాలు అదిరే ఘాటు పుడుతుంది. ఆవగింజలో విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు నీరు తగిలితే కలుసుకుని ఆ ఘాటు నూనెని పుట్టిస్తాయి. ఆ ఘాటంటే బూజుకి పడదు. అంటే కాయలోంచి ఊరిన తడే ఆవపిండికి పదును పెడుతోంది. శత్రువు చేతి కత్తితోనే శత్రువుని ఓడించడం. ఈ ఉపాయం ఎవరు కనిపెట్టారో గానీ, ఆ ఇల్లాలికి నా నమస్కారం.

ఇక నూనె. నూనె దేన్నీ చంపదు. చాలామంది నూనెలో ఉంటే చాలు పాడవదనుకుంటారు. నూనె మూత మాత్రమే. గాలిని రానివ్వదు. బూజుకి గాలి కావాలి, నూనె కింద గాలి లేదు. అంతే. అందుకే ముక్క నూనెలో మునిగి ఉండాలి, పైకి తేలకూడదు. పప్పునూనె, అంటే నువ్వుల నూనె ఎందుకు వాడతామంటే, అది తొందరగా ముక్కిపోదు. దానిలో సహజంగానే ముక్కిపోకుండా కాపాడే గుణముంది.

జాడీలోకి ఎత్తి, వాసెన కట్టి పక్కన పెట్టారు. మూడో రోజు తిరగ కలపాలి. ఇది మానకండి. అడుగున ఉప్పు పేరుకుని ఉంటుంది, పైముక్కకి చాలి ఉండదు. పొడి గరిటెతో అడుగు నుంచి పైకి కలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోసి, ముక్కల మీద వేలెడు మందాన నూనె తేలేలా చూసుకోవాలి. కలిపిన బేసిన్‌లో వేడి వేడి అన్నం వేసి ముద్దలు చేసి పంచుతారు కదా, ఆ కార్యక్రమం గురించి నేను చెప్పక్కర్లేదు. అక్కడికి పిలవకపోయినా అందరూ వస్తారు.

ఇక్కడ రెండు మాటలు కాస్త గట్టిగా చెప్పాలనుంది.

మొదటిది. ఈ మధ్య చాలామంది రక్తపోటు ఉందని ఆవకాయలో ఉప్పు సగానికి సగం తగ్గించి పెడుతున్నారు. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, నిజమే. కానీ జాడీలో ఉప్పు తగ్గిస్తే లోతడిని కట్టిపడేసేదెవరు? ఉప్పు జాడీలో తగ్గించకండి, కంచంలో తగ్గించండి. అంటే మూడు ముక్కలు వేసుకునేవాళ్ళు ఒక్క ముక్కతో సరిపెట్టుకోండి. తక్కువ ఉప్పు పచ్చడే కావాలంటే కొంచెమే పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, త్వరగా తినెయ్యండి. మళ్ళీ చెబుతున్నాను. ఉప్పు జాడీలో కాదు, కంచంలో తగ్గించాలి.

రెండోది. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు జాడీ ముట్టుకుంటే పచ్చడి కుళ్ళిపోతుందనే మాట ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో వింటాం. ఇది శుద్ధ అబద్ధం. జాడీకి తెలిసిన మైల ఒక్కటే, తడి. స్నానం చేసి, మడి కట్టుకుని, తడి చేత్తో ముట్టుకుంటే పచ్చడి పాడవుతుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని, పొడిగా తుడుచుకుని ఎవరు ముట్టుకున్నా పాడవదు. పాపం, ఎంతమంది ఆడపిల్లలు తడి గరిటె చేసిన తప్పుకి తిట్లు తిన్నారో!

సరే, ఆవకాయలో లోతడిని కట్టిపడేశాం. మాగాయలో అలా కాదు, బయటికి పంపించేస్తాం. చెక్కు తీసి, పొడుగాటి ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఊరేస్తాం. మూడో రోజున ముక్కలు పిండితే ఎంత ఊట! ముక్కలు ఒక బట్ట మీద, ఊట ఒక పళ్ళెంలో, రెండూ ఎండలో పెడతాం. ఊటని పారబొయ్యం, చూడండి. పులుపంతా అందులోనే ఉంది. ఎండకి నీరు పోయి పులుపు మిగులుతుంది. ముక్క ఎంత ఎండాలి? విరిచితే విరగకూడదు, వంచితే వంగాలి. పటపటా విరిగితే ఒరుగైపోయిందన్నమాట, ఇక మాగాయ కాదు. తర్వాత ముక్కలు, ఊట కలిపి, కారం, మెంతిపిండి, ఆవపిండి వేసి, ఇంగువ పోపు చల్లారాక పొయ్యాలి. పోపు వేడిగా ఉండగా పోస్తే ఆ ఆవిరి మూతకి పట్టి చుక్కలుగా పచ్చడిలో పడుతుంది. ఎండలో కష్టపడి పంపిన తడిని మనమే వెనక్కి పిలిచినట్టు.

పచ్చికాయ అయింది. ఇప్పుడు పండు.

పండు రసాన్ని ఎండకే అప్పగిస్తే తాండ్ర. ఆత్రేయపురం అనగానే అందరికీ పూతరేకులు గుర్తొస్తాయి. అక్కడి మామిడి తాండ్రకీ అంత పేరుంది. ఉత్తరాంధ్రలో విజయనగరం జిల్లా భీమాలి తాండ్ర పేరు వినే ఉంటారు. వేసవిలో ఆ ఊళ్ళలో చాపలు పరిచి, వడకట్టిన రసంలో పంచదారో బెల్లమో కలిపి, పలచగా ఒక పూత పూస్తారు. అది ఆరాక దాని మీద ఇంకో పూత. అదీ ఆరాక మరోటి. తాండ్ర ముక్క అడ్డంగా కోసి వెలుతురులో పెట్టి చూడండి, పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఒక్కో పొర ఒక్కో ఎండ. ఒకేసారి మందంగా పోసేస్తే ఏమవుతుంది? పైన ఆరిపోయి తోలు కడుతుంది, లోపల తడి చిక్కుకుపోతుంది, పులిసిపోతుంది. పలచగా పూయాలి, ఆరాకే మళ్ళీ పూయాలి. తొందరపడేవాళ్ళ పని కాదది.

ఇంట్లో చేసుకునేవాళ్ళు స్టీలు పళ్ళేనికి కాస్త నెయ్యి రాసి పూయొచ్చు. రసాన్ని ముందు ఒకసారి ఉడికించి చల్లార్చి పూస్తే ఇంకా భద్రం. ఈగలు వాలకుండా పలచటి బట్ట కప్పండి, బట్ట రసానికి తగలకుండా ఎత్తుగా కట్టండి. పొద్దుగూకే ముందే లోపలికి తెచ్చెయ్యండి, రాత్రి గాలిలో చెమ్మ ఉంటుంది. పండు మాత్రం చెట్టు మీద ముదిరి, గడ్డిలో మాగినదై ఉండాలి. కార్బైడ్ పెట్టి మాగించడాన్ని మన చట్టం నిషేధించింది. పైగా ఆ పండుకి రంగొస్తుంది గానీ రుచి రాదు, తాండ్ర చప్పగా ఉంటుంది.

ఎండ ఉన్న దేశం కాబట్టి మనం ఎండని నమ్ముకున్నాం. ఎండ అంతగా లేని దేశాలు ఏం చేశాయి? మంటని నమ్ముకున్నాయి. ఫ్రాన్సులో నికొలా ఆపేర్ అనే మిఠాయిల ఆయన, గాజు సీసాల్లో పండ్లూ కూరలూ నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్ళలో ఉంచి చూశాడు. నెలల తరబడి పాడవలేదు. 1810లో ఆ పద్ధతిని పుస్తకంగా వేశాడు, ప్రభుత్వం 12,000 ఫ్రాంకుల బహుమానమిచ్చింది. ఎందుకు పాడవడం లేదో ఆయనకి తెలియదు. సూక్ష్మజీవుల సంగతి లూయీ పాశ్చర్ తేల్చి చెప్పడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. చేతికి ముందు తెలిసింది, బుద్ధికి తర్వాత తెలిసింది. మన వంటిళ్ళలోనూ అంతే కదా.

మంటతో నిలవ చేసేవాటిలో మనకి బాగా కుదిరేది జామకాయ జెల్లీ. జామచెట్టున్న ఇంట్లో ఒక్కసారే బుట్టలకొద్దీ పండుతాయి. సగం చిలకలకి, సగం ఇరుగుపొరుగుకి పంచినా మిగులుతాయి. మరీ పండినవి వద్దు, దోరవి తీసుకోండి. జామలో సహజంగా ఒక జిగురు పదార్థం ఉంటుంది, పెక్టిన్ అంటారు. దోరకాయలో అది ఎక్కువ. ముక్కలు కోసి, మునిగేదాకా నీళ్ళు పోసి, మెత్తగా ఉడికించి, బట్టలో వేసి వేలాడదీయండి. పిండకండి. పిండితే జెల్లీ మసకబారుతుంది. దానంతటది కారిన రసంలో పంచదార, నిమ్మరసం వేసి మరిగించాలి. జిగురు, పులుపు, తీపి, ఈ మూడూ కుదిరితేనే జెల్లీ గట్టిపడుతుంది. ఒకటి తగ్గినా పాకంలా మిగిలిపోతుంది. అయిందో లేదో ఎలా తెలుస్తుంది? గరిటె ముంచి పక్కకి వంచి చూడండి. మొదట్లో చుక్క చుక్కగా కారుతుంది. తర్వాత రెండు చుక్కలు అంచున కలుస్తాయి. చివరికి రేకులా జారి తెగిపడుతుంది. అప్పుడు పొయ్యి ఆపాలి. ఆ క్షణం దాటితే మళ్ళీ వెనక్కి రాదు.

పంచదార తగ్గిద్దామనుకుంటున్నారా? మళ్ళీ అదే జవాబు. ఆవకాయలో ఉప్పు చేసే పని జెల్లీలో పంచదార చేస్తోంది. లోతడిని కట్టిపడేస్తోంది. జెల్లీలో తగ్గించకండి, రొట్టె మీద పూసుకునేటప్పుడు తగ్గించండి. సీసాలు మరిగించిన నీళ్ళలో ఉంచి, ఆరబెట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే వేడి జెల్లీ నింపండి. చల్లటి సీసాలో వేడిది పోస్తే పగులుతుంది.

ఇప్పుడు పిల్లలకి నచ్చే మాట. కేకు. మామిడిపళ్ళ కాలంలో మామిడి కేకు చెయ్యని ఇళ్ళు పట్నాల్లో తగ్గిపోయాయి. ఓవెన్ లేకపోయినా పర్లేదు, కుక్కర్ అడుగున ఉప్పో ఇసుకో పోసి, గాస్కెట్టు, విజిలు తీసేసి, సన్నటి మంట మీద కాల్చేవాళ్ళు ఎందరో. అందరిదీ ఒకటే ఫిర్యాదు. పైన కాలింది, మధ్యలో ముద్దగా ఉంది. కారణం మీరే చెప్పగలరు ఈపాటికి. అవును, లోతడి. పండు గుజ్జుని మిక్సీలో వేసి అలాగే పిండిలో పోసేస్తే, ఆ నీరంతా ఆవిరయ్యేలోపు పైభాగం మాడుతుంది. గుజ్జుని ముందు స్టీలు గిన్నెలో, సన్నటి సెగ మీద దగ్గరపడేదాకా ఉడికించండి. గరిటెతో గీస్తే ఒక్క క్షణం అడుగు కనిపించాలి. పూర్తిగా చల్లార్చి, అప్పుడు కలపండి. రంగూ వస్తుంది, వాసనా నిలుస్తుంది, మధ్యలో ముద్దా ఉండదు. పీచు లేని పండు తీసుకోండి, బంగినపల్లి అయితే చాలా బాగుంటుంది. పండు కేకు వేసవిలో బయట పెడితే రెండో రోజుకే వాసన వస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా చుట్టుపక్కల పిల్లల్ని పిలవండి. రెండో పద్ధతి తొందరగా పనిచేస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా ఊరికే లేరు. అక్కడ తోటలకి వెళ్ళి పండ్లు స్వయంగా కోసుకుని, తూచి డబ్బులిచ్చి తెచ్చుకునే ఏర్పాటుంటుంది. పుల్లటి ఆకుపచ్చ ఆపిల్‌తో ఆవకాయ పెడుతున్నారు. ఎర్రటి క్రాన్‌బెర్రీతో పచ్చడి చేస్తున్నారు. క్రాన్‌బెర్రీ నిజానికి పచ్చడి కోసమే పుట్టినట్టుంటుంది. పులుపు గట్టిది, పైగా బెంజోయిక్ ఆమ్లం, అంటే కంపెనీలు నిలవ కోసం విడిగా కలిపే పదార్థం, దానిలో సహజంగానే ఉంది. ఆపిల్‌తో మాత్రం జాగ్రత్త. దానికి టెంక లేదు, ముక్క నిలబడదు. మామిడికాయంత పులుపూ లేదు. అందుకని ఆపిల్ ఆవకాయ కొంచెమే పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, కొద్ది వారాల్లో తినేసేదే గానీ ఏడాది దాచేది కాదు. అక్కడి నుంచి ఫోన్ చేసి, ఎండ లేదమ్మా, మాగాయ ఎలా అని అడుగుతారు. ఓవెన్‌ని బాగా తక్కువ సెగలో పెట్టి, తలుపు కాస్త తెరిచి ఉంచి, గంటల తరబడి ఆరబెట్టమని చెప్పండి. తలుపు ఎందుకు తెరవాలంటే, ఆవిరి బయటికి పోవాలి కదా. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం దగ్గర మనిషి ఉండాలి.

చివరిగా, పచ్చడి పెట్టేశాక చేసే పని. పెద్ద జాడీని రోజూ తెరవకండి. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. తీసే గరిటె పొడిగా ఉండాలి, తీశాక ముక్కలు అదిమి మళ్ళీ నూనె కిందికి పంపాలి, జాడీ అంచు పొడిబట్టతో తుడిచి వాసెన కట్టాలి. కంచంలో తింటున్న చేత్తో సీసాలో ముక్క ఏరుకునే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ ఏడాదైనా మాన్పించండి. ఇంత చేసినా బూజు పట్టిందనుకోండి, పైది తీసేసి కిందిది తినొచ్చనుకోకండి. పైన కనిపించేది కొసలే, వేళ్ళు కిందికి దిగి ఉంటాయి. మనసు ఒప్పకపోయినా పారెయ్యాల్సిందే.

రోహిణి కార్తె ఎండలు ఇంకొన్నాళ్ళే. మృగశిర వచ్చి తొలకరి పడిందంటే గాలిలోకే చెమ్మ చేరుతుంది, కాయ రంగు తిరుగుతుంది. జాడీలు ఇంకా అటక మీదే ఉంటే ఇవాళే దింపి, కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించండి. కాయ సంగతి రేపు పొద్దున్నే చూసుకోవచ్చు.